మీసాల చట్టమూ, ఆగిపోబోయిన పెళ్లీ

మల్లెకోట రాజు రణధీరవర్మ ఒక ఉదయం గడ్డం గీయించుకుంటూ ఫోను తీసి, సభాసదుల గ్రూపులో ఒక ముక్క పెట్టాడు. ఆ కాలంలో ఫోన్లు ఎక్కడివని అడక్కండి. కథ చెప్పేది నేను, ఉన్నాయంటే ఉన్నాయి.

"మన రాజ్యంలో ఎవరి మీసమూ నా మీసం కన్నా పొడుగు ఉండకూడదని చట్టం చేద్దామనుకుంటున్నాను. మొహమాటం లేకుండా మీ అభిప్రాయాలు చెప్పండి."

అలా అడక్కూడదు. అడిగాడు.

సేనాపతి చెంగల్రాయుడికి మూరెడు మీసం. అయినా చట్టం కావాల్సిందే అన్నాడు. గజశాల అధికారి తిమ్మానాయుడికి అసలు మీసమే లేదు. అయినా ఒప్పుకునేది లేదన్నాడు. రాజకీయమంటే అంతే మరి.

వాళ్లిద్దరూ చిన్ననాటి స్నేహితులు. పైగా వారం రోజుల్లో సేనాపతి కూతురికీ, తిమ్మానాయుడి కొడుక్కీ పెళ్లి. పెళ్లిపెద్ద సాక్షాత్తూ రాజుగారే.

"మీసం మొలవనివాడికి దేశం గోడు ఏం తెలుస్తుంది?" అని సేనాపతి రాశాడు.

"సొంత మీసాన్నే కాపాడుకోలేనివాడు కోటనేం కాపాడతాడు?" అని తిమ్మానాయుడు రాశాడు.

మధ్యాహ్నానికి తాతల ప్రస్తావన వచ్చింది. సాయంత్రానికి పెళ్లి రద్దన్నారు. పెళ్లికూతురు గది తలుపేసుకుని ఏడుస్తోందని అంతఃపురానికి కబురొచ్చింది.

రాజు మర్నాడు సభలో తల పట్టుకున్నాడు. "యాభై ఆరు దేశాల రాజులకు శుభలేఖలు పంచాను. వీళ్లని ఎవరైనా కలపండి. కానీ గ్రూపు మూయడానికి వీల్లేదు, ఎవరినీ తీసేయడానికి వీల్లేదు. అభిప్రాయం మార్చుకోమని బలవంతపెట్టడానికీ వీల్లేదు. అడిగింది నేను కదా."

ఆస్థాన పండితుడు విశ్వంభరశాస్త్రి శాలువా సర్దుకుని లేచాడు. ఈయన రోజూ తెల్లవారగానే తన ఫొటో మీద తన సూక్తే రాసుకుని గ్రూపులో పెట్టే మనిషి.

"మర్యాదగా వాదించడానికి అరవై నాలుగు నియమాలు రచించాను, ప్రభూ."

పెట్టాడు. స్నేహితులిద్దరూ మీసాల సంగతి మరిచిపోయి, నువ్వు పన్నెండో నియమం తప్పావంటే నువ్వు నలభయ్యోది తప్పావని కొత్తగా తిట్టుకున్నారు.

"వీళ్లు బాగుపడే రకం కాదు," అని శాస్త్రి కూలబడ్డాడు. "కావాలంటే మన కూర్మయ్యని అడగండి. కాస్త నవ్విస్తాడు."

కూర్మయ్య ఆస్థాన విదూషకుడు. నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, ఆ గ్రూపులో ఏలినవారు ఉన్నారా?"

"ఉండకేం. అడ్మిన్‌ని నేనే."

"రాజు ఉన్నచోటల్లా సభే కదండీ. మరి మన సభా మర్యాద అక్కడెందుకు లేదు?"

రాజు ఆలోచనలో పడ్డాడు. మల్లెకోట సభలో ఒక పాత ఆచారం ఉంది. ఎవరితో మాట్లాడాలన్నా ముందు వాళ్ల బిరుదు చదవాలి. ఆ బిరుదు వాళ్లు చేసిన మంచిపనై ఉండాలి, చదివేవాడు దాన్ని కళ్లారా చూసి ఉండాలి. ఒకసారి చదివింది మళ్లీ చదవకూడదు.

"నిజమే," అన్నాడు రాజు. "ఈ క్షణం నుంచి గ్రూపులోనూ అదే పద్ధతి. ఎవరి బొటనవేలితో వాళ్లే టైపు చేయాలి."

సేనాపతి అప్పటికే ఒక ఘాటైన మాట సిద్ధం చేసుకున్నాడు. ఇప్పుడు దానికి ముందు బిరుదు కావాలి. మీసం నములుతూ చాలాసేపు కూర్చున్నాడు. సభంతా ఫోన్లలోకి చూస్తోంది. చివరికి వచ్చింది.

"నూతిలో పడ్డ నన్ను జుట్టు పట్టి పైకి లాగినవాడా, నీకు బుద్ధుందా?"

తిమ్మానాయుడు గొంతు సవరించుకుని టైపు చేశాడు.

"మా నాయన పోయినప్పుడు నాతోపాటు మూడు రోజులు పస్తున్నవాడా, నీకుందా?"

సేనాపతికి మళ్లీ కొత్త బిరుదు వెతుక్కోవలసి వచ్చింది. ఈసారి ఇంకా ఆలస్యమైంది.

"మా ఆవిడ మాడ్చిన కాకరకాయ పులుసు రెండోసారి అడిగి వేయించుకున్న ధీరుడా, కాస్త ఆలోచించు."

"ఏనుగు బురద చిమ్మితే నాకు అడ్డంగా నిలబడి, పట్టుబట్టలు పాడుచేసుకున్న శూరుడా, నువ్వూ కాస్త ఆలోచించు."

తిమ్మానాయుడు ఉత్తరీయంతో కళ్లు ఒత్తుకున్నాడు. సేనాపతి కోట గోడ వైపు చూస్తూ ముక్కు ఎగబీల్చాడు.

మధ్యలో శాస్త్రి అరవై అయిదో నియమం పెట్టబోయాడు. గ్రూపులో అందరికీ పెట్టాలంటే అందరికీ బిరుదులు కావాలి. ముందుగా పక్కనున్న కూర్మయ్యకే మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్లుగా పక్కపక్కనే కూర్చుంటున్నారు. కూర్మయ్య ఎవరికి ఏం చేశాడో ఒక్కటీ గుర్తు రాలేదు. ఆయన ఎప్పుడూ అటు చూస్తే కదా. ఫోను శాలువా మడతల్లో దాచేశాడు.

అంతలో ఫోన్లన్నీ మళ్లీ మోగాయి. సేనాపతి రాశాడు.

"గురుకులంలో నాకు పడాల్సిన దెబ్బలు తిన్న బావా, మీసాల చట్టం రావలసిందే. అది సరేగానీ, పందిరికి తాటాకు ఎన్ని బండ్లు పంపమంటావు?"

జవాబు వెంటనే వచ్చింది.

"ఆ దెబ్బలకు రాత్రంతా ఆముదం రాసిన బావా, చట్టం వద్దే వద్దు. నాలుగు బండ్లు పంపు."

సభ గొల్లున నవ్వింది. రాజు సింహాసనం మీద పొట్ట పట్టుకుని వంగిపోయాడు. సేనాపతి లేచి వెళ్లి తిమ్మానాయుడి పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు.

"కూర్మయ్యా, ఏం కావాలో కోరుకో," అన్నాడు రాజు.

కూర్మయ్య చేతులు జోడించాడు.

"నన్ను ఆ గ్రూపులోంచి తీసేయండి ప్రభూ."

రాజు నిట్టూర్చి, మెడలోని ముత్యాల హారం తీసి అతని మెడలో వేశాడు.

"ఆ అదృష్టం నాకే లేదు. దీనితో సరిపెట్టుకో."