దూడల జావ

మచ్చలదూడ ఆ పొద్దున లేచి నిలబడలేదు. పారుడు రోగం పట్టి, విరేచనాలతో పక్కలు పీక్కుపోయి, దస్తగిరి వైపే చూస్తూ పడుకుంది. ఆ కళ్లలోకి చూడలేక అతను మొహం తిప్పుకున్నాడు.

కొండ కింద సూఫీ గురువు ఖలీల్ తాత ఆశ్రమంలో దూడల పని దస్తగిరిది. పట్నంలో పశువుల డాక్టరమ్మ చెప్పిన పాఠం విని వచ్చినప్పటి నుంచి అతని కాళ్లు నేల మీద లేవు. ప్రోబయోటిక్ అనే పొడిలో మంచి సూక్ష్మజీవులు ప్రాణాలతో నిద్రపోతుంటాయట. దూడ పేగుల్లోకి పోగానే మేలుకుని, అక్కడే కాపురం పెట్టి, రోగమిచ్చేవాటికి చోటు లేకుండా చేస్తాయట. కంటికి కనబడని ఆ ప్రాణులను తలుచుకుంటే దస్తగిరికి పగలు కనబడని చుక్కలను తలుచుకున్నట్టుండేది. ఆ పొడిని ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. తనే జావ కాచి, తనే కలిపి, తనే తాపేవాడు.

అయినా పారుడు కట్టలేదు.

నిన్న సాయంత్రం, అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు, తొట్లు కడిగే ఫకీరమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"మందులో ఏ లోపమూ లేదు. మురికంతా నీ చేతుల్లోనే ఉంది. నువ్వు కడిగిన తొట్టిలో తాగితే దూడలేం ఖర్మ, ఏనుగులు గూడా పడిపోతాయి!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఫకీరమ్మ తన చేతుల వైపు ఒకసారి చూసుకుంది. వాటిని కొంగుతో తుడుచుకుని వెళ్లిపోయింది. పొద్దున పనికి రాలేదు.

దస్తగిరి గురువు దగ్గరికి పోయాడు.

"తాతా, ఫకీరమ్మ వద్దు మనకు. ఇంకెవరినైనా పెట్టుకుందాం."

ఖలీల్ తాత పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. గిన్నెలో పాలు పొంగుకొస్తున్నాయి.

"సరేలే. ముందు ఈ పాలకు కాస్త తోడెయ్యి నాయనా," అని పెరుగున్న గరిటె చేతికిచ్చాడు.

దస్తగిరికి నవ్వొచ్చింది. "మరుగుతున్నాయి గదా తాతా! ఇప్పుడేస్తే పెరుగైతదా?"

"ఏం, కాదా?"

"పాలు విరిగిపోతాయి. తోడులో ఉండే జీవం చచ్చిపోతుంది. గోరువెచ్చగా కావాల. చిన్నపిల్లోళ్లకు గూడా తెలుసు ఇది."

"అట్లనా," అన్నాడు తాత. గరిటె వెనక్కి తీసుకుని, పక్కపొయ్యి వైపు చూశాడు.

దస్తగిరి ఎక్కించిన దూడల జావ అక్కడ తుకతుక ఉడుకుతోంది. పక్కనే మూత తీసిన పొడి డబ్బా. రోజూ ఆ ఉడుకులోనే పొడి చల్లేవాడు, బాగా కలుస్తుందని. చల్లారినాక తాపేవాడు.

గబగబా జావ దించాడు.

"నేనేసినవన్నీ చచ్చిపోయినాయా తాతా?"

"చచ్చినవి గూడా, వాటి సారం గూడా పేగుకు ఎంతో కొంత మేలు చేస్తాయని మీ డాక్టరమ్మే అనిందంట గదా. పోస్ట్‌బయోటిక్ అనో ఏదో పేరు గూడా చెప్పినావు నాకు."

దస్తగిరి మొహం తేటపడింది. "అవును తాతా! అయితే అంతా వృథా కాలేదు..."

"వాటి సంగతి వదిలెయ్. నిన్న నువ్వన్న మాట ఇంకా బతికే ఉంది."

దస్తగిరి జావ గోరువెచ్చనయ్యేదాకా పొయ్యి పక్కనే కూర్చున్నాడు. అప్పుడు పొడి కలిపి, మచ్చలదూడ పక్కన కూలబడి కొంచెం కొంచెంగా తాపాడు. అది మెల్లగా మింగి అతని వేళ్లు నాకింది. ఆ వేళ్లను వెనక్కి లాక్కోవాలనిపించింది అతనికి.

ముంగిట్లో అందరూ రొట్టెలకు కూర్చున్నారు. నిన్న విన్నవాళ్లే. దస్తగిరి వాళ్ల మధ్యకొచ్చి నిలబడ్డాడు. చెవులు కాలిపోతున్నాయి.

"ఏందప్పా," అన్నాడు పెద్ద శిష్యుడు జమాలప్ప రొట్టె తుంచుతూ. "ఈ పొద్దు ఎవరి మీద పడతావు?"

"నా మీదే," అన్నాడు దస్తగిరి. "ఇక్కడ వినండి. విన్నాక నాతో ఫకీరమ్మ వాకిట్లోకి రండి. తప్పు నాదని అక్కడ గూడా మీ ముందరే చెప్పాల నేను."