పైగాలి

దస్తగిరికి ఊళ్ళో ఒక్కసారిగా పేరొచ్చింది. చిక్కంతా అక్కడే మొదలైంది.

అతను సముద్రం ఒడ్డునున్న దర్గాలో అలీషా బాబాకు శిష్యుడు. శ్రావణంలో నడిసముద్రంలో వాయుగుండం పుడితే, దస్తగిరి తిండి మానేసి దువా చేస్తూ కూర్చున్నాడు. గుండం ఒడ్డుకు రాకుండానే విడిపోయింది. ఇంకేముంది! తుఫానును ఆపిన సాయిబు అని ఊరు ఊరంతా అతని కాళ్ళ మీద పడింది. కాదనడానికి అతనికి నోరు రాలేదు.

దీపావళి వెళ్ళాక సముద్రంలో మళ్ళీ మబ్బు పట్టింది. పడవలు దించవద్దని రేడియో చెప్పింది. జాలరి పెద్ద పోలయ్య దర్గాకొచ్చాడు.

"రేడియో మాటకేంగానీ సాయిబూ, తమరేమంటారు? ఇంట్లో పొయ్యి వెలిగించాల గదా."

"వెళ్ళండి. నేనున్నానుగా" అన్నాడు దస్తగిరి.

సాయంత్రం ఆ సంగతే బాబాకు సంబరంగా చెప్పాడు. తెల్లారకముందే పడవలు బయల్దేరతాయన్నాడు.

బాబా విని, సాంబ్రాణి కుంపటి తెమ్మన్నాడు.

దర్గా గదిలో గోడకు బాగా పైన ఒక కిటికీ ఉంది. నిప్పుల మీద సాంబ్రాణి వేస్తే పొగ ఆ ఎత్తు దాకా లేచి, కిటికీ గాలికి ముక్కలైపోయింది.

"పొగను చెదరగొట్టిందెవరు?"

"పైనున్న గాలి, బాబా."

బాబా కర్రతో కిటికీ తలుపు మూశాడు. పొగ నిటారుగా లేచి కప్పుకు తగిలి, సుళ్ళు తిరుగుతూ గదంతా కమ్మింది.

"ఇప్పుడు దువా చేసి చెదరగొట్టు."

దస్తగిరి కళ్ళు మూసుకున్నాడు. దగ్గు వచ్చింది, కళ్ళు మండాయి, పొగ కదల్లేదు.

"నిప్పు మారిందా?"

"లేదు, బాబా."

"తుఫానుకు నిప్పు సముద్రం వేడి, అది అప్పుడూ ఉంది బేటా. శ్రావణంలో పైన గాలి విసురుగా ఉండి మబ్బును కోసేసింది. ఇవాళ బయటికెళ్ళి తలెత్తి చూడు."

దస్తగిరి బయటికెళ్ళి చూశాడు. చాలా ఎత్తున సన్నటి మబ్బులు కదలకుండా నిలబడి ఉన్నాయి. పైన గాలి లేదని తెలిసి గబగబా లోపలికొచ్చాడు.

"ఇప్పుడు కాదంటే ఊళ్ళో నా మాట ఏం కావాలి, బాబా?"

"పోతుంది" అన్నాడు బాబా. "పోలయ్య పోవడం కన్నా నయం."

దస్తగిరి ఇసుకలో పడుతూ లేస్తూ రేవుకు పరుగెత్తాడు. పోలయ్య, ఇద్దరు కొడుకులు తెల్లారి వేటకు పడవలో వలలు సర్దుతున్నారు. చుట్టూ ఊరు ఊరంతా ఉంది.

"వెళ్ళొద్దు పోలయ్యా. ఇది ఆపడం నా వల్ల కాదు."

"అదేంటి సాయిబూ! అప్పుడు ఆపారు గదా?"

దస్తగిరి చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగాడు. అందరికీ వినపడేలా అన్నాడు.

"అప్పుడూ నేను ఆపలేదు."

పోలయ్య చేతిలో వల కింద పెట్టాడు. ఒక కొడుకును చెయ్యి పట్టి పడవలోంచి దించాడు, తర్వాత రెండోవాణ్ణి.