వావిలాకు పరీక్ష

ఎర్రకొండ పాదాన, వాగుకు ఈవల, ముళ్లకంచె చుట్టుకొన్న దొడ్డి ఒకటి ఉండేది. అందులో మేకలూ గొర్రెలూ కలిసి కాపురం చేసేవి. ఆ ఏడు ముసురు విడువలేదు. పాకలో నేల ఆరలేదు, ఒంటిమీద వెండ్రుక ఆరలేదు. ఏ మూల చూచినా ఏదో ఒక పిల్ల తుమ్ముతూనే ఉండేది.

తుమ్ము వినబడితే చాలు, ఆ దొడ్డిలోని పెద్దలకు గుండె జారిపోయేది. కొన్నేళ్ల క్రిందట ముక్కుతెగులనే మహమ్మారి వచ్చి మందలో సగాన్ని ఊడ్చుకొనిపోయింది. అదీ మొదట జలుబులాగానే వచ్చింది. తేడా ఒక్కటే: తెగులు సోకిన ప్రాణికి వాసన తెలియదు. ఆ సంగతి కనిపెట్టిన నాటినుండి దొడ్డిలో ఒక ఆచారం ఏర్పడింది. ముక్కు కారే పిల్లను ఎదుట నిలబెట్టి, వావిలాకును డెక్కతో నలిపి, దాని ముక్కు దగ్గర పెట్టేవారు. ఘాటుకు తల విదిల్చి గెంతిందా, అది వట్టి జలుబు. మొద్దులా నిలుచుందా, అది తెగులు. తెగులైతే కొండచరియ క్రింది వేరుదొడ్డికి పంపేవారు. కన్నతల్లి అయినా అందులోకి పోరాదు. కంచె బయట నిలిచి పిలుచుకోవలసిందే.

ఆకు పట్టే పని పెద్దకర్రిది. అది నల్లని ముసలి మేక. తెగులు దానికీ సోకి, ప్రాణం మిగిల్చింది గాని ఊపిరిని మిగల్చలేదు. కొంచెం నడిస్తే ఆయాసం. కళ్లకు పొర కమ్మింది. అయినా ఆ పని మరొకరికి అప్పగించలేదు.

పెద్దకర్రి కూతురు బొల్లి. దానికి పొన్న, పొగడ అని కవలపిల్లలు; ఒకే అచ్చున పోసినట్లుండేవి. అంతకు ముందు ఈతలో పుట్టిన పిల్ల తెగులునాళ్లలో వేరుదొడ్డికి పోయింది. బొల్లి కంచె బయట నిలిచి పిలుస్తూనే ఉంది. లోపలినుండి బదులు రావడం ఒకనాడు మానివేసింది. అప్పటినుండి కొండచరియ వైపు బొల్లి తల తిప్పి చూడలేదు.

ఒకనాటి ఉదయం పొగడ ముక్కు కారింది.

పొరుగున ఉండే ఉన్నమ్మ అనే గొర్రె చూచి నవ్వింది. “ఏమే బొల్లీ, మొగం అలా వ్రేలాడవేశావేం? ముసురుకు జలుబు రాక ముత్యాలు రాలుతాయా?”

“అమ్మ ఆకు పడతానంటుంది, వదినా.”

“ఇంకా ఆకులేమిటే! ఆ కాలం పోయింది. మా వరుసలో అందరం మానేశాం. ఒకరు మానితే మరొకరం మానేశాం.”

“గొర్రెదాటు మీకు కొత్తా?” అని పాక మూలనుండి పెద్దకర్రి గొంతు వినబడింది. దానికి చూపు తగ్గింది గాని చెవులు తగ్గలేదు. “ఏరు దాటి తెప్ప తగలవేసినట్లుంది మీ తెలివి. మళ్లీ ఏరు రాదని ఎవరు చెప్పారే ఉన్నమ్మా?”

“పిల్లలకిప్పుడు అది వచ్చినా ఏమీ కావడంలేదు, పెద్దమ్మా. గెంతుతూ గెంతుతూనే పోగొట్టుకుంటున్నారు.”

“పిల్లల సంగతి సరే. దొడ్డిలో ఉన్నవారంతా పిల్లలేనా?” అని, దగ్గు ఆపుకొని, “బొల్లీ, మేతనుండి వచ్చాక పిల్లవాణ్ణి తీసుకురా” అన్నది.

ఆనాడు బొల్లికి మేత సహించలేదు. కంచె పక్కన ఒంటరిగా నిలుచున్నది. ఆవలి పొదలో నక్క ఒకటి కూర్చుని ఉంది. తెగులునాళ్లలో పొట్ట పగిలేలా తిని, ఆ తరువాత ఎముకలు లెక్కకు వచ్చేలా చిక్కిపోయిన నక్క అది.

“ఏమమ్మా కోడలా, కళ్లు చెమర్చాయి?” అన్నది నక్క, తడిగుడ్డతో గొంతు కోసే మెత్తదనంతో.

“నీకెందుకు మామా? నీ దారిన నీవు పో.”

“పోతానులే. బిడ్డకు జలుబట గదా. పాపం, ఆ వేరుదొడ్డిలో చలి. పసివాడు. తల్లి బయట, బిడ్డ లోపల. ఇదెక్కడి న్యాయమో!”

బొల్లి వెళ్లిపోలేదు. తనకు కావలసిన మాట పగవాడి నోట వచ్చినా తీయగానే ఉంటుంది.

“పరీక్ష తప్పదంటుంది మా అమ్మ.”

“తప్పించమన్నానా? పెద్దల మాట కాదనరాదు. పరీక్ష జరగనీ. నీకు ఇద్దరు బిడ్డలు. ఇద్దరిదీ ఒకే పోలిక. ముసలమ్మకు చూపు ఆనదు.” నక్క తోక సవరించుకొన్నది. “పొన్నను నిలబెట్టు.”

“కన్నతల్లిని మోసగించమంటావా?”

“మోసమేమిటే పిచ్చిదానా! జలుబు నాలుగునాళ్లుండి పోతుంది. బిడ్డ బ్రతుకుతాడు. నా మాట తప్పితే నన్ను అడుగు.”

సాయంకాలం బొల్లి పొన్న ముక్కును తడిగడ్డిలో అద్ది పెద్దకర్రి ముందు నిలబెట్టింది. పొగడను ఉన్నమ్మ పాకలో ఉండమని పంపింది.

“ఎవరు నాన్నా, పొగడేనా?”

“పొగడేనమ్మా” అన్నది బొల్లి, పొన్న నోరు తెరవక మునుపే.

పెద్దకర్రి తడిముక్కును తడిమి చూచింది. వావిలాకును నలిపి పట్టింది. మేకలు సైతం ముట్టని ఆ ఆకు ఘాటుకు పొన్న ఎగిరి, తుమ్మి, తల విదిల్చి నాలుగు కాళ్లతో గెంతింది.

ముసలిమేక మొగం వికసించింది. ఎన్నాళ్లకో నవ్వింది. “వట్టి జలుబే! నా తండ్రీ! ఉదయంనుండి నా ప్రాణం నాలో లేదే బొల్లీ. నీ పెద్దబిడ్డే కళ్లముందు మెదిలింది.”

బొల్లి పొన్న ముక్కుకు అంటిన గడ్డి నాకింది.

“వాణ్ణి నా పక్కకు పంపు. జలుబు చేసినవాడికి వెచ్చదనం కావాలి. నీ పక్కన పొన్న పడుకొంటాడు.”

“వద్దమ్మా! నీకసలే ఆయాసం...”

“తెగులు కాదని తేలింది గదా! నేను పట్టిన ఆకుమీద నీకు నమ్మకం లేదా?”

పరీక్షే చేయకుండా ఉంటే ముసలిది అనుమానంతోనైనా ఎడంగా ఉండేది. ఇప్పుడు అనుమానం తీరిపోయింది, తీర్చినది తానే. అంతలో పొగడ పరుగున వచ్చి అమ్మమ్మ గుండెలకు హత్తుకొని పడుకొన్నది. దాని ముక్కు ముసలిదాని మెడకు ఆని ఉంది.

కొంతసేపటికి పెద్దకర్రికి కునుకు పట్టింది. పొగడ పడుకొన్నచోటనే మెడ చాచి, నేలమీద పడివున్న వావిలాకును మూతితో కదిపింది.

“అమ్మా, దీనికి అన్నయ్య అంత గెంతు గెంతాడేం? దీనికి వాసనే లేదు.”

“మళ్లీ చూడు నాన్నా.”

“చూశాను. గడ్డిలాగానే ఉంది.”

లేపాలి. లేపి చెప్పాలి. బొల్లి ఒక అడుగు వేసింది. పక్క పాకలో ఉన్నమ్మ తన పిల్లలతో ఏదో చెప్పి నవ్వుతున్నది. ఇప్పుడు అరిస్తే దొడ్డి అంతా చేరుతుంది. అందరి ఎదుట పొగడ కొండచరియకు నడుస్తుంది. అమ్మ మొగంలోని ఆ నవ్వు ఆరిపోతుంది. ఉదయం చెబుదాం, మెల్లగా చెబుదాం అనుకొన్నది బొల్లి. ఉదయం పెద్దకర్రి మనుమడి తల నాకుతూ లేచింది. చెప్పవలసిన మాటకు ఒకసారి ఆలస్యమైతే, ఆ తరువాత ప్రతి ఘడియా దానిమీద మరొక రాయి వేస్తుంది.

నక్క అన్నట్లే పొగడకు నయమైంది. తుమ్ములు తగ్గాయి, గెంతులు పెరిగాయి. ఉన్నమ్మ వచ్చి, “చూశావా, నేను చెప్పలేదూ?” అని పోయింది.

ఆ రోజే పెద్దకర్రికి దగ్గు ముదిరింది. అది మామూలు దగ్గు కాదని మొదట గ్రహించినది అదే. ఎవరినీ పిలవలేదు. తానే వావిలాకు త్రుంచి, నలిపి, వాసన చూచుకొన్నది. మరొక ఆకు త్రుంచి మళ్లీ చూచుకొన్నది. తరువాత లేచి, ఆగి ఆగి ఊపిరి తీసుకొంటూ, తనంతట తానే వేరుదొడ్డికి నడిచింది.

బొల్లి వెనుకనే పరుగెత్తింది. ఇన్నేళ్లుగా తలెత్తి చూడని ఆ కంచె దగ్గర మళ్లీ నిలబడింది. ఈసారి లోపల ఉన్నది తల్లి.

“దగ్గరకు రాకే. ఎవరివల్ల సోకిందో తెలియడంలేదు. నా దగ్గర మసలిన పిల్లలనందరినీ నేనే చూచాను గదా.” పెద్దకర్రి పక్కటెముకలు కొలిమితిత్తిలా ఎగసిపడుతున్నాయి. “నా చూపేమైనా తప్పిందేమో. నా పరీక్షలోనే లోపముందేమో. వేరొకరికి అప్పగించవలసింది.”

ఆ మాట బొల్లి భరించలేకపోయింది.

“నీ పరీక్షలో లోపం లేదమ్మా. ఆ రోజు నీ ముందు నిలిచినవాడు పొన్న.”

వాన చినుకులు కంచెముళ్ల చివరల వ్రేలాడి రాలుతున్నాయి.

“ఎందుకే?”

“పొగడను కూడా ఇక్కడికి పంపుతావని.”

“ఇక్కడికా? ఆ నాళ్లు వేరే. అప్పుడు మందంతా మంచాన పడింది, మాకేమీ తోచలేదు. ఇప్పుడు చంటివాణ్ణి ఇంత దూరం తోలుతానా? పాకలో ఆ చివర నీ పక్కనే ఉంచేదాన్ని. నేను ఈ చివర పడుకొనేదాన్ని. అంతే గదే.”

“నీవు ఆ మాట ఎన్నడూ చెప్పలేదమ్మా.”

“నీవు అడగలేదు.” దగ్గు తెర వచ్చి పోయింది. “ఆకు పట్టేది శిక్ష వేయడానికనుకొన్నావా? ఎవరు ఎక్కడ పడుకోవాలో తెలుసుకోవడానికే.”

తరువాత అది మాట్లాడలేదు. బొల్లి పిలుస్తూనే ఉంది. పిలిచినంతసేపు చెవి కదిలేది. మరునాడు పొద్దు వాలేసరికి చెవి కూడా కదలలేదు.

చచ్చిన ప్రాణిని వాగుగట్టున విడిచిపెట్టడం ఆ మందకు ఆచారం. అందరూ తల వంచుకొని వెళ్లి, తల వంచుకొని తిరిగివచ్చారు. ఉన్నమ్మ కూడా వచ్చింది. బొల్లి ఒక్కతే వెనుక మిగిలిపోయింది.

పొద మాటునుండి నక్క బయటికి వచ్చింది. మర్యాదగా ఎడంగానే కూర్చున్నది. తొందరపడలేదు, తొందరపడవలసిన అవసరం దానికిక లేదు.

“కోడలా, బిడ్డ కులాసాయేనా?”

బొల్లి దానివైపు చూచింది.

“నయమైంది గదా! నేను అన్నమాట అన్నట్లే జరిగింది. అబద్ధమాడానేమో నీవే చెప్పు.”

నక్క ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఆడినది తానే. బొల్లి కొమ్ములు వంచింది, మళ్లీ ఎత్తింది. దొడ్డిలో పొగడ “అమ్మా” అని పిలిచింది. బొల్లి పిలుపు వైపు నడిచింది. వెనుక తడిగడ్డి మీద నక్క అడుగుల చప్పుడు వాగువైపు సాగింది.

నీతి: పసివానికి జలుబై పోయేది పండుముసలికి మృత్యువై రావచ్చును, కనుక బలహీనులున్న ఇంట బిడ్డ తుమ్మును పరీక్షింపక విడువరాదు, పరీక్షలో తేలినదానిని దాచనూరాదు.