మొదటి గడప

కృష్ణ ఒడ్డున కొండ మీద ఒక విహారం, కొండ కింద ఒక రేవు. ఆ రేవులో గుడిసె వేసుకుని పడవ నడిపే రేవడికి పందొమ్మిదేళ్ళు. పొద్దున్నే చెట్టు మీంచి కల్లు దిగిందంటే చాలు, తన ఈడు కుర్రాళ్ళని పోగేసుకుని ముంత పట్టేవాడు. మొన్న ఆ మత్తులోనే పడవని సుడి అంచుదాకా తీసుకుపోయాడు. ఎక్కినవాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిగారు.

వాడి తల్లి చందమ్మ ఆయాసపడుతూ కొండెక్కి వచ్చి, విహారంలో భిక్షువుగా ఉన్న పెద్దకొడుకు సుమనుడి ముందు కూలబడింది. వరదలు రాకముందే తమ్ముణ్ణి దారిలో పెట్టమంది. నీ మాటైనా వింటాడేమో చూడమంది.

సుమనుడికి తన మాట మీద మహా నమ్మకం. తాగుడు వల్ల వచ్చే కీడులన్నీ కంఠస్థం. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో కూడా సాధన చేసి పెట్టుకున్నాడు. నాలుగు రోజులు భిక్షకని వెళ్ళి, తమ్ముడి గుమ్మంలో నిలబడి అవన్నీ ఏకరువు పెట్టాడు. అయిదో రోజు రేవడు ముంత తెచ్చి, అన్న చేతిలోని పాత్రలోకి వంచాడు.

"విని విని మా గొంతులు ఎండిపోతున్నాయి. చెప్పీ చెప్పీ నీదీ ఎండే ఉంటుంది. తీసుకో అన్నా."

అరుగు మీది కుర్రాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. సుమనుడు పాత్రని అక్కడే బోర్లించి, వెనక్కి చూడకుండా కొండెక్కేశాడు. ఇక వాడి గడప తొక్కనని గురువు గుణపాలుడితో చెప్పేశాడు.

ముసలి గురువు అంతా విని ఒక్కటే అడిగాడు.

"వాడి ముందే పారబోశావా?"

మర్నాడు గురువే బయల్దేరాడు. సుమనుడు వెనకాల నడిచాడు. ఆ విహారంలో ఒక నియమం ఉంది. పొద్దున ఒక్కపూటే భోజనం. మొదటి గడపలో పాత్రలో ఏది పడితే అదే ఆనాటి భిక్ష. గురువు తిన్నగా వెళ్ళి రేవడి గడప ముందు పాత్ర పట్టాడు.

రేవడు కుర్రాళ్ళకేసి కన్నుగీటి కల్లు పోశాడు. గురువు కళ్ళు మూసుకుని, అన్నం పెట్టిన తల్లులకి చెప్పే దీవెనే చెప్పాడు.

"నీకూ, నిన్ను కన్న చందమ్మకూ ఆయువు, బలం, సుఖం కలగాలి నాయనా."

కొండ మీదికి వచ్చాక ఆ కల్లు మట్టిలో పోసి, పాత్ర కడిగి, నీళ్ళు తాగి కూర్చున్నాడు.

రెండో రోజూ అంతే. తోటి భిక్షువుల దగ్గర్నుంచి సుమనుడు కాస్త గంజి తెస్తే, నా భిక్ష నాకు అందిందని పక్కన పెట్టేశాడు.

మూడో రోజు గురువు ఒక చేత్తో గుంజ ఆనుకుని, రెండో చేత్తో పాత్ర పట్టాడు. రేవడు ముంత ఎత్తి, ఆగాడు.

"ఇది తాగుతారా ఏం, స్వామీ?"

"తాగకూడదు నాయనా."

"మరేం తింటారు?"

"నువ్వు పెట్టాక ఇంకో గడపకి వెళ్ళకూడదు."

అరుగు మీద నవ్వు వినపడలేదు. ఎత్తిన ముంత దించడానికి సిగ్గేసిందో ఏమో, రేవడు పోయడమైతే పోసేశాడు. కానీ దీవెన వింటున్నంతసేపూ తల ఎత్తలేదు.

నాలుగో రోజు అరుగు మీద ఎవరూ లేరు. రేవడొక్కడే ఆకులో చద్దన్నం పెట్టుకుని గడపలో నిలబడ్డాడు.

"ఇవాళ ఇంకా ముంత ముట్టుకోలేదన్నా. ముందు ఈయన తినాలి. రేపటి సంగతి నన్నడక్కు."

గురువు పక్కకి జరిగి, తన పాత్ర సుమనుడి చేతిలో పెట్టాడు. తమ్ముడు వంగి అందులో అన్నం పెట్టాడు. ఇన్నేళ్ళలో ఎందరి గడపల్లోనో తిన్నాడు సుమనుడు. ఏ ముద్ద ముందూ ఇంతగా చేతులు జోడించాలనిపించలేదు. వేలసార్లు చెప్పిన దీవెన 'ఆయువు' దగ్గరే ఆగిపోయింది. మిగతాది గురువు పూర్తిచేశాడు.

మెట్లెక్కుతూ సుమనుడు ఉండబట్టలేక అడిగాడు.

"వాడు ఇలా పెడతాడని మీకు ముందే తెలుసా, భంతే?"

"తెలీదు."

"రేపు మళ్ళీ కల్లే పోస్తే?"

గురువు ఒక మెట్టు మీద ఆగి ఊపిరి పీల్చుకున్నాడు.

"రేపూ ఆకలేస్తుందిగా. వెళ్దాం."

మర్నాడు గురువు లేచి వచ్చేసరికి, సుమనుడు రెండు పాత్రలూ కడిగి పట్టుకుని, మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు.