శాంతమూర్తి గారి గొడుగు

వేటకు వెళ్ళిన మల్లభూపతి తలపాగా గాలికి ఎగిరి ముళ్ళడొంకలో పడితే, సేనలకు పెద్ద అయిన దళవాయి గండ్రాయుడి కుక్క దూరి నోట కరుచుకొచ్చింది. రాజు పొంగిపోయాడు. పొంగిపోయిన రాజు ఊరుకుంటాడా? ఆ కుక్కకు నిండు సభలో 'ఉద్యానవిహారి' అని బిరుదిచ్చి, నడుముకు జరీ పటకా కట్టించాడు.

"ఇక రాజోద్యానంలో ఇది ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది. దీన్ని ఎవరూ కట్టెయ్యకూడదు. ఇది మా మాట" అన్నాడు.

దూడంత ఉండే ఆ కుక్క పేరు శాంతమూర్తి. ఆ పేరు పెట్టినవాడికి దండం పెట్టాలి.

రాజోద్యానం పేరుకే రాజుది. ఊరివాళ్ళు సంతకు వెళ్ళే అడ్డదారి అందులోంచే ఉంది. పెరుగు కుండలతో, పూలబుట్టలతో, చంకన పిల్లలతో జనం పొద్దున్నే ఆ బాటన పోతారు. ఇప్పుడు ఏ పొదలోంచి శాంతమూర్తి ఊడిపడుతుందో తెలియదు. మడికట్టుకుని వస్తున్న పూజారి భుజాల మీద కాళ్ళేసి మొహమంతా నాకింది. పాపం ఆయన మళ్ళీ ఏటికి పోయి మునిగొస్తే, దారి కాచి మళ్ళీ నాకింది.

గండ్రాయుడు మాత్రం ఎక్కడో దూరంగా తాంబూలం నములుతూ, "భయపడకండి, ఏమీ అనదు. ఆడుకుంటోంది" అనేవాడు.

అందరికంటే అవస్థ అప్పళయ్యది. ఆస్థానంలో మాటకారి అని పేరే గానీ, కుక్క కనిపిస్తే అతని పై ప్రాణాలు పైనే పోతాయి. మాటకు మాట చెప్పగలడు, మొరిగేదానికి ఏం చెబుతాడు? కాళ్ళకు బుద్ధి చెప్పి, దొరికిన చెట్టెక్కి, అది విసుగెత్తి పోయేదాకా కొమ్మ మీదే ఉండేవాడు. సభకు రోజూ ఆలస్యంగా, జుట్టులో మామిడాకులతో వచ్చేవాడు.

ఒకనాడు పెరుగమ్మే ఈరమ్మ పగిలిన కుండ మూతి చేత పట్టుకుని సభకొచ్చింది.

"దొరా, కుండ పోతే పోయింది. నా కోడలు నిండు నెలల్తో ఉంది. అదీ ఈ బాటనే నడవాల. దాని మీద దూకితే నేనేం గాను?"

జనం అరిచి పరుగెత్తడం వల్లే తన శాంతమూర్తి బెదిరిపోతోందనీ, ఉద్యానం తలుపులు జనానికి మూసేస్తే ఏ గొడవా ఉండదనీ గండ్రాయుడు మీసం దువ్వుతూ విన్నవించాడు. రాజు ఇరకాటంలో పడ్డాడు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేడు. బిరుదుకు మచ్చ రాకుండా, జనం దారి పోకుండా రేపటిలోగా ఎవరైనా ఉపాయం చెబితే సరే, లేకపోతే తలుపులు మూయిస్తానన్నాడు. మూస్తే సంతకు గుట్ట చుట్టి పోవాలి. ఈరమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అది చూసి అప్పళయ్యకు కడుపు రగిలిపోయింది.

మర్నాడు అతను చేతులు కట్టుకుని, దిగులు మొహం పెట్టి లేచాడు.

"ప్రభూ, శాంతమూర్తి గారికి మనం అన్యాయం చేశాం."

సభంతా నోరెళ్ళబెట్టింది. బిరుదు పొందినవారు బయటికొస్తే తల మీద తెల్ల గొడుగు ఉండాలనీ, ముందు బిరుదు చదవాలనీ, ఇది తాతలనాటి మర్యాద అనీ అప్పళయ్య గుర్తు చేశాడు. గొడుగు నీడ తొలగిందా, అవమానం బిరుదిచ్చిన రాజుకే. అలాంటిది శాంతమూర్తి గారు దిక్కూమొక్కూ లేనట్టు మండుటెండలో తిరుగుతున్నారు.

రాజు నాలుక కరుచుకున్నాడు. తన కుక్కకు గొడుగు కూడానా అని గండ్రాయుడు చంకలు గుద్దుకున్నాడు.

"మరి గొడుగు పట్టేదెవరు?" అన్నాడు రాజు.

"ఎవరైనా భటుణ్ణి పెడదాం ప్రభూ. ఎలాగూ ఏమీ అనదుగా" అన్నాడు అప్పళయ్య వినయంగా.

గండ్రాయుడికి రోషం వచ్చింది. "భటుడా? నా శాంతమూర్తి నన్ను తప్ప ఇంకెవణ్ణీ దగ్గరికి రానివ్వదు. వస్తే చీల్చేస్తుంది."

అనేశాక గానీ తానేమన్నాడో అతనికి తెలిసిరాలేదు. రాజు కనుబొమలు పైకి లేచాయి.

"అయితే గొడుగు నువ్వే పట్టు. బిరుదూ నువ్వే చదువు."

తెల్లారేసరికి రాజు పరివారంతో ఉద్యానానికి వచ్చి మంటపంలో కూర్చున్నాడు. అప్పళయ్య ముందు జాగ్రత్తగా పక్కనున్న మామిడిచెట్టెక్కాడు. గండ్రాయుడు గొడుగు ఎత్తి, "ఉద్యానవిహారి శాంతమూర్తి వారు వేంచేస్తున్నారహో" అంటూ గంభీరంగా బయల్దేరాడు. శాంతమూర్తి కొంత దూరం బుద్ధిగానే నడిచింది. అంతలో ఉడత కనబడింది.

ఇక చూడాలి. ముందు కుక్క, వెనక గొడుగు, గొడుగు కింద ఎవరూ లేరు. వాక్కాయ పొదల్లో దూరి, మల్లెపందిరి కూల్చి, బాతుల వెంట ఇద్దరూ కొలనులోకి దూకారు. "ఉద్యాన..." అని నోరు తెరిచేసరికి గండ్రాయుడి నోటినిండా నీళ్ళు. గొడుగు కూడా ఆటకే తెచ్చారనుకుని శాంతమూర్తి దాని అంచు పట్టుకుని లాగింది. బాటన వచ్చేవాళ్ళు మాత్రం ఆ కేకలు దూరం నుంచే విని తీరిగ్గా పక్కకు తప్పుకున్నారు. ఈరమ్మ కోడలు పొట్ట పట్టుకుని నవ్వుతూ వెళ్ళింది.

కాసేపటికి దళవాయికి తల ప్రాణం తోకకొచ్చింది. మీసాలకు నాచు వేలాడుతుండగా వచ్చి రాజు కాళ్ళ మీద పడ్డాడు.

"ప్రభూ, ఒక్క తాడు ఇప్పించండి. దీన్ని కట్టుకుంటాను."

"ఎలాగయ్యా? దీన్ని ఎవరూ కట్టకూడదని మాటిచ్చాం కదా" అన్నాడు రాజు దిగులుగా.

అప్పుడు కొమ్మ మీంచి అప్పళయ్య గొంతు వినిపించింది.

"శాంతమూర్తి గారిని కట్టొద్దు ప్రభూ. తప్పిపోతున్నది దళవాయి గారు. ఆయన్ని కట్టండి."

రాజుకు విషయం తలకెక్కడానికి క్షణం పట్టింది. ఎక్కాక ఆపుకోలేక పగలబడి నవ్వాడు. భటులు తాడు తెచ్చి ఒక కొస గండ్రాయుడి నడుముకు బిగించారు, రెండో కొస అతని చేతనే కుక్క జరీ పటకాకు ముడివేయించారు. శాంతమూర్తి ఒకసారి లాగి చూసింది. గండ్రాయుడు మడమలు తన్నిపట్టి కదల్లేదు. అది వెనక్కి తిరిగి అతన్ని జాలిగా చూసి, చతికిలబడింది. ఉద్యానమంతా ఘొల్లుమంది.

రాజు మెడలోని ముత్యాల హారం తీసి, దిగి రమ్మని అప్పళయ్యను పిలిచాడు.

"దళవాయి గారి ముడి గట్టిగా ఉందో లేదో ఒక్కసారి చూడమనండి ప్రభూ" అన్నాడు అప్పళయ్య.

చూశారు. గట్టిగానే ఉంది. అప్పుడు గానీ అతను చెట్టు దిగి హారం వేయించుకోలేదు.