పొయ్యి వెలగకముందే నగారా

దస్తగిరికి ఆ రోజు మామూలు చిరాకు కాదు. కొండ మీద దర్గా మెట్లు ఎక్కుతూనే తిట్లు మొదలెట్టాడు.

"ఈ జనం మారరు బాబా. మన వీధికి మంచినీళ్ల కుళాయి రావాలని ఒకటే పోస్టులు పెడుతున్నా. అందరూ లైకులు కొట్టారు, షేర్లు చేశారు. పొద్దున గ్రామసభకి మాత్రం మన వీధి నుంచి ఒక్కడూ రాలేదంట. శుక్రవారం మళ్లీ పెడతారంట. అప్పుడూ ఎవరూ రాకపోతే పైపులైను పక్క వీధికే పోతుందంట."

గురువు హుస్సేనయ్య కట్టెలు కొడుతున్నాడు. తలెత్తలేదు.

"రాలేదంట, పోతుందంట... నువ్వెళ్లలేదా?"

"నాకెక్కడ కుదిరింది? సర్పంచి మీద వీడియో పెట్టా కదా, కింద కామెంట్లలో ఒకడు వాగుతున్నాడు. వాడి నోరు మూయించేసరికి మధ్యాహ్నమైంది."

హుస్సేనయ్య గొడ్డలి పక్కన పెట్టాడు. "పోయి నగారా కొట్టు."

దస్తగిరికి అర్థం కాలేదు. ఆ దర్గాలో నగారా మోగిందంటే అన్నం అయిందని లెక్క. కింద వీధి వీధంతా పళ్లేలు పట్టుకుని వచ్చేస్తుంది.

"ఇంకా పొయ్యే వెలిగించలేదు కదా బాబా."

"కొట్టమన్నా."

సరే, మనదేం పోయింది అనుకుని కొట్టాడు. అసలే మంట మీదున్నాడేమో, కొండ దద్దరిల్లిపోయింది.

ఇంకేముంది, జనమే జనం. పిల్లలు, ముసలోళ్లు, కుట్టుమిషను ఆపేసి మెడలో టేపుతోనే వచ్చిన దర్జీ. అందరికంటే ముందు దస్తగిరి వీధిలోనే ఉండే ముసలి లాలమ్మ, ఆయాసపడుతూ.

"ఏదిరా అన్నం?"

"ఇంకా వండలేదవ్వా."

"మరెందుకు కొట్టినావురా? మోకాళ్లు పట్టుకుని ఇంత కొండా ఎక్కొచ్చినా."

వెనక నుంచి ఎవడో, "వీడికి పనీపాటా లేదు" అన్నాడు. దస్తగిరి గురువు వైపు చూశాడు. ఆయన ఏమీ ఎరగనట్టు మళ్లీ కట్టెలు కొడుతున్నాడు.

"బాబా, వీళ్లకి ఏదో ఒకటి చెప్పు."

"ఏం చెప్పాలి? బాగానే కొట్టావు. ఊరంతా వినబడింది."

దస్తగిరి జేబులో ఫోను మోగింది. మళ్లీ మోగింది. తియ్యలేదు. కట్టెలు చేతులనిండా ఎత్తుకుని పొయ్యి దగ్గరికి పోయాడు.

ఎసరు కాగుతుంటే, పక్కనే కూలబడ్డ లాలమ్మని మెల్లగా అడిగాడు.

"అవ్వా, శుక్రవారం సభకి వస్తావా?"

"నువ్వుంటావా?"

దస్తగిరి వంగి పొయ్యి ఊదుతూ, కళ్లల్లో పొగ పడుతుంటే, తలూపాడు.