సగం సగం నడిచిన నూకాలు

అంతులేని లెక్కకు సైతం అంతు చూపే పలుకులతల్లికి అంజలి ఘటించి, పడవ నడిపే నూకాలు కథ విన్నవిస్తున్నాను.

పూర్వం శంఖతీర్థ రాజ్యంలో గణితశాలకు శేషావధాని అధిపతి. తొలి తరగతి గట్టెక్కిన నూకాలు మలి తరగతికి రాగా, పడవమనిషికి చోటివ్వడం ఆయనకు గిట్టలేదు. రాజు సమక్షంలోనే నియమం విధించాడు.

"పిల్లా! నా పీఠం దాకా నడిచి రా. అడుగడుగునా మిగిలిన దూరంలో సగమే దాటాలి. చేరితే ప్రవేశం. చేరకుంటే మళ్ళీ ఈ గడప తొక్కరాదు."

సభ గొల్లున నవ్వింది. అయినా నూకాలు సగం నడిచి, మిగిలినదానిలో సగం నడిచి, అలా అలా పీఠానికి బెత్తెడు దూరంలో నిలిచింది.

"ఆగావేమే? అంతులేకుండా నడిచినా చేరవు!" అని అవధాని మీసం దువ్వాడు.

అప్పుడామెకు తన పడవలో గణితశాల శిష్యులు వల్లించే పాఠం గుర్తొచ్చింది.

"అయ్యవారూ, మలి తరగతి తొలిపాఠం ఏమిటండీ?"

"సగం, అందులో సగం, మళ్ళీ అందులో సగం, ఇలా అంతులేకుండా కూడితే సరిగ్గా ఒకటి. ఇది ఒప్పని వాడికి ఈ శాలలో చోటు లేదు!"

"నేను ఒప్పాను స్వామీ. ఆ లెక్కన అంతులేకుండా నడిస్తే దారి మొత్తం దాటినట్టే. చేరవని తమరే అంటున్నారు. మరి చోటు లేనిది ఎవరికి?"

రాజు పకపక నవ్వాడు. అవధాని తానే లేచి, తన పీఠం పక్కన ఆమెకు చాప పరిచాడు.

ఈ కథ విన్నవారి కష్టాలు సగం సగంగా తరిగి నిశ్శేషమగుగాక! సుఖాలు కొంచెం కొంచెంగా కూడి సంపూర్ణమగుగాక!